కుట్లు అక్కర్లేదన్న వేలు

రిటైరయ్యాక నా ఫోనుకి వచ్చే ఫోటోల్లో మనవల కంటే వేళ్ళే ఎక్కువ. కూరగాయలు తరుగుతూ కోసుకున్న వేళ్ళు, బ్లేడు దిగిన వేళ్ళు, కొత్త టీవీ డబ్బాని ఆత్రంగా విప్పబోయి తెగిన వేళ్ళు. ఫోటో కింద ఒకటే ప్రశ్న: "అంకుల్, కుట్లు పడతాయా?" అడిగేది ఈ హిందీ ఊళ్ళో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ పిల్లలే. అడిగేది మాత్రం హిందీలో. నేను అందరికీ ఒకటే జవాబు పంపుతాను. "వేలి కొస వంచి వీడియో తీసి పంపు." ముసలాయనకి చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం నాకెక్కడ అంటుకుందో ఒకసారి రాసి పెడితే, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే శ్రమ తప్పుతుంది. వాళ్ళకి వినే శ్రమ కూడా.

నేను ఆదిత్యపూర్‌లో ఒక కర్మాగారంలో, ఫస్ట్ ఎయిడ్ గదిలో పనిచేశాను. పేరు చెప్పను. చెప్పినా దాని పక్క షెడ్డువాళ్ళకే తెలియదు. పల్చటి ఇనప రేకులు కోసి, వంచి, లారీలకెక్కించడం అక్కడి పని. నాది బీఎస్సీ, వృక్షశాస్త్రం. ఆ చదువుకీ గాయాలకీ ఏమిటి సంబంధం అని ఇంటర్వ్యూలో అడిగితే, కోస్తే మొక్కలు కూడా కారతాయండీ అన్నాను. ఉద్యోగమిచ్చారు. తర్వాత శిక్షణ కూడా ఇప్పించారు, అది వాళ్ళ మంచితనం. కాగితం మీద నా పోస్టు డ్రెస్సర్, అంటే గాయాలకి కట్లు కట్టేవాడు. షెడ్డులో నన్ను కాంపౌండరు బాబు అనేవారు. ఖర్కయి నది వంతెన దాటి బర్మామైన్స్‌లో మా సందుకి వచ్చేసరికి డాక్టరుగారిని అయిపోయేవాణ్ణి. రోజూ స్కూటరు మీద నది దాటగానే నా చదువు పెరిగేది.

నాకు ఒక విద్యలో పేరుండేది. కట్టు బాగా కట్టేవాణ్ణి. వేలికి చుట్టిన గాజుగుడ్డ మడత మీద మడత సమానంగా, చివర చిన్న ముడి, గోరు మాత్రం బయటికి కనబడేలా. కొందరు గాయం మానిపోయాక కూడా విప్పడానికి మనసు రాక రెండు రోజులు ఉంచుకునేవారు. ఇది గొప్పకి చెప్పడం లేదు. అసలు గొడవంతా ఇందులోంచే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

నా పైన ఒక సిస్టర్ ఉండేది. రాంచీ వైపు మనిషి. ఆసుపత్రుల్లో జీవితమంతా చేసి, రిటైరయ్యాక మా దగ్గర చేరింది. ఆవిడ కట్లు చూడ్డానికి అస్సలు బాగుండేవి కావు. వాటి కింద గాయాలు మాత్రం మానిపోయేవి.

షెడ్డు గుమ్మం దగ్గర ఒక ఆకుపచ్చ బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రోజూ పొద్దున్నే ఫోర్‌మన్ సుద్దముక్కతో రాసేవాడు. అనుకున్న అంకె చేరితే షెడ్డులో అందరికీ, పర్మనెంటువాళ్ళకీ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసేవాళ్ళకీ కూడా, తలా ఒక ప్రెషర్ కుక్కర్. రిజిస్టర్లో ఒక్క గాయం ఎక్కితే అంకె మళ్ళీ సున్నా. ఉద్దేశం మంచిదే. మనుషులు జాగ్రత్తగా ఉంటారని. ఉన్నారు కూడా. వేళ్ళ విషయంలో కాదు, రిజిస్టరు విషయంలో.

చెయ్యి కోసుకున్నవాడు దాని చుట్టూ గుడ్డపేలిక చుట్టి, పైన నల్లటి ఇన్సులేషన్ టేపు వేసి, ఆ చెయ్యి జేబులో పెట్టుకుని షిఫ్టు గడిపేసేవాడు. ఇంటికెళ్ళాక పసుపో, కాఫీపొడో, సున్నమో, గడ్డిచామంతి పసరో అద్దేవాడు. అవన్నీ అయ్యాక నాకు ఫోను: "బాబూ, ఓపాలి ఇంటికొచ్చి సూత్తారేటి?" నేను స్కూటరు డిక్కీలో దూదీ గాజుగుడ్డా వేసుకుని వెళ్ళేవాణ్ణి. వీటిని మేము ఇంటి కేసులు అనేవాళ్ళం. అది సేవ అనుకునేవాణ్ణి. టీతోపాటు వేడి పకోడీలు కూడా పెట్టేవారు కాబట్టి అలా అనుకోవడం కష్టమయ్యేది కాదు.

నిజం చెప్పాలంటే, వాటిలో చాలావరకు ఇంట్లో తేలిపోయే గాయాలే. కుళాయి కింద సబ్బుతో బాగా కడగాలి. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. మధ్యలో రక్తం ఆగిందా లేదా అని ఎత్తి చూడకూడదు. మనవాళ్ళకి చేతకానిది ఇదే. నిమిషానికోసారి మూత తీసి చూస్తే అన్నం ఉడకదని తెలుసు, వేలి దగ్గర మాత్రం ఆగలేరు. ఆ పైన కట్టు. చివర్లో, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నావని ఒక ప్రశ్న. దానికి నాకు ఎప్పుడూ వచ్చిన జవాబు: "పెళ్ళికి ముందు."

ఇక ఆ వేలు.

అతను రేకులు కోసే మెషీన్‌కి రేకు అందించే మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. బర్మామైన్స్‌లోనే మాకు రెండు సందుల అవతల ఇల్లు. ఠేకేదారు కింద పని. గేటు పాసు ఆరు నెలలకోసారి కొత్తగా ఇప్పించుకోవాలి. అందుకని అందరితోనూ మెత్తగా ఉండేవాడు. మెషీన్‌తో కూడా మెత్తగానే ఉండేవాడు గాని, తోలు గ్లవుజు చిరిగి ఉంది.

ఆ వారం సిస్టర్ మేనకోడలి పెళ్ళికి సెలవులో వెళ్ళింది. గది నాది, నిర్ణయాలు నావి. మధ్యాహ్నం అతను ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఏటీ నేదు బాబూ. గీసుకుంది."

ఉంగరపు వేలు, లోపలివైపు, మొదటి కణుపుకీ రెండో కణుపుకీ మధ్య ఒక సన్నని గీత. రక్తం కూడా పెద్దగా లేదు. పల్చటి రేకుతో వచ్చిన చిక్కే అది. కత్తి కోస్తే నానా హంగామా ఉంటుంది. రేకు అంచు పెద్దమనిషిలా లోపలికెళ్ళి, తన పని చూసుకుని, మాట్లాడకుండా బయటికొచ్చేస్తుంది. ఎంత లోతుకి వెళ్ళొచ్చిందో మనమే అడగాలి. నేను అడగలేదు.

గుమ్మంలో ఫోర్‌మన్ నిలబడ్డాడు. ముందు వేలు చూశాడు, తర్వాత గుమ్మం బయట బోర్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆయనకి చాలా ఏళ్ళ అనుభవం.

"రాయకండి బాబూ," అన్నాడు అతను. "పదకొండు రోజులే ఉన్నాయి. నా మూలాన అందరి కుక్కర్లూ పోతే షెడ్డులో నానింక తలెత్తుకోగలనా? ఠేకేదారు ఊరుకుంటాడేటి? పాసు సింపేత్తాడు." చెయ్యి నా ముందుకు చాపి అడిగాడు. "కుట్లు పడతాయేటి?"

"అక్కర్లేదు. సాయంత్రం ఇంటికొచ్చి శుభ్రంగా కడతాను."

శుభ్రంగానే కట్టాను. అతని భార్య దీపం దగ్గరగా పట్టింది. కడిగాను, నొక్కాను, కట్టాను. నా జీవితంలో అంత అందమైన కట్టు అంతకుముందు కట్టలేదు. పక్కింటావిడ వచ్చి చూసి వెళ్ళింది.

మూడో రోజు కట్టు మార్చడానికి వెళ్ళాను. గాయం చక్కగా అతుక్కుంటోంది. చీము లేదు, వాపు లేదు. నాకు నేనే మనసులో మార్కులు వేసుకుంటుండగా అతని భార్య అంది:

"అన్నియ్యా, ఆ యేలు బాగానేదు."

"ఎందుకమ్మా, ఎంత బాగా మానుతోందో చూడు."

"మానడం కాదు. పొద్దున్న బకెట్టు అట్టుకున్నాడు. మిగతా యేళ్ళన్నీ వొంగాయి. అదొక్కటీ నాకేటి సంబంధం అన్నట్టు కొస సాపుకుని నిలబడింది."

"వేలు వంచవయ్యా," అన్నాను. వంచాడు. వంగింది.

"వంగుతోంది కదమ్మా."

"మద్దెలో వొంగింది. కొస వొంగనేదు."

"వాపు ఉంటుంది లోపల. తగ్గితే అదే వంగుతుంది."

"వాపు నేదని ఇప్పుడే అన్నారు గదా మీరు."

నేను నాకు బాగా వచ్చిన పనే చేశాను. ఇంకా అందంగా కట్టు కట్టాను. ఆ రోజు కూడా పకోడీలు పెట్టింది. తిన్నాను. ఇప్పుడు రాస్తుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

అయిదో రోజు పొద్దున్న సిస్టర్ సెలవు నుంచి వచ్చింది. పెళ్ళి లడ్డూల డబ్బా ఇంకా తెరవలేదు, ఇంతలో గేటు దగ్గర గార్డు నుంచి ఫోను. మీ మొహల్లా నుంచి ఒకావిడ వచ్చింది, బహుత్ గుస్సే మే హై, అన్నాడు. కోపమంటే గార్డులకి బాగా తెలుస్తుంది. వెళ్ళాను. అతని భార్య. బర్మామైన్స్ నుంచి రెండు ఆటోలు మారి, నది దాటి వచ్చింది. నేను నోరు తెరవకముందే అంది:

"మీతోటి కాదు అన్నియ్యా. లోపల డాట్రమ్మ ఒకావిడుందంట గదా, ఆవిణ్ణి పిలండి."

పిలిచాను. అతన్ని కూడా మెషీన్ దగ్గర్నుంచి పిలిపించాను. అందరం గార్డు కేబిన్‌లో కూర్చున్నాం. సిస్టర్‌కి తెలుగు రాదు, అతని భార్యకి హిందీ అంతంతమాత్రం. మధ్యలో నేను దుబాసీని. నా మీద వచ్చిన ఫిర్యాదుని నేనే అనువాదం చేశాను. ఏమీ తగ్గించలేదని మనవి.

సిస్టర్ నా కట్టు విప్పింది. విప్పుతూ అంది: "తుమ్హారీ పట్టీ తో బహుత్ సుందర్ హై." కట్టు చాలా అందంగా ఉందట. ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి.

అతని వేలిని మధ్య కణుపు దగ్గర తన రెండు వేళ్ళతో కదలకుండా నిటారుగా పట్టుకుంది. "అబ్ సిర్ఫ్ నోక్ మోడో." ఇప్పుడు కొస ఒక్కటే వంచు.

అందరం ఆ కొసనే చూస్తున్నాం. గార్డు కూడా. అతని భుజం వంగింది. పెదవులు బిగుసుకున్నాయి. కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఒంట్లో ఉన్నవన్నీ సాయపడడానికి చూశాయి. గోరు మాత్రం కదల్లేదు.

వేలిని లోపలికి లాగడానికి తాళ్ళలాంటివి రెండుంటాయి. ఒకటి మధ్య కణుపుకి, ఇంకోటి కొసకి. రేకు రెండోదాన్ని తెంపేసింది. మొదటిది పనిచెయ్యడం చూసి నేను అంతా బాగుందనుకున్నాను. మధ్య కణుపు పట్టుకుని కొస వంచమనడానికి అర నిమిషం పడుతుంది. నాకు శిక్షణలో చెప్పారు కూడా. కట్టు మీద ధ్యాసలో ఆ అర నిమిషం నాకు దొరకలేదు.

తెగిన తాడు రబ్బరు బ్యాండులా వెనక్కి పోతుందని, రోజులు గడిచేకొద్దీ పట్టి కలపడం కష్టమవుతుందని సిస్టర్ చెప్పింది. అయిదు రోజులు పోయాయి. ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆపరేషన్. కంపెనీ తరఫున పంపాలంటే రిజిస్టర్లో గాయం ఉండాలి. రిజిస్టర్లో ఆ రోజు పేజీ, నా చేతిరాతలో తేదీ తప్ప, పరిశుభ్రంగా ఖాళీగా ఉంది.

ఫోర్‌మన్ కూడా వచ్చాడు. ఈసారి మాట్లాడాడు. "ఇంట్లో తెగిందని రాయి. కూరగాయలు కోస్తుంటే. అలాగైతే ఎవరికీ ఏమీ కాదు." అతను వెంటనే తలూపాడు. పాసు పోతుందన్న భయం వేలు పోతుందన్న భయం కంటే పాతది, అందుకని దాని మాటే ముందు విన్నాడు. "అలాగే రాసీండి బాబూ. కత్తిపీట అని రాయండి."

నేను అనువదించే అవసరం లేకుండానే అతని భార్యకి అర్థమైంది.

"ఈయన కూరలు తరిగాడా! మా యీదిలో ఒక్కరు నమ్మితే అందరికీ కుక్కర్లు నానే కొనిత్తాను." గార్డు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మొగుడి వైపు తిరిగి మెల్లగా అంది: "పాసు పోతే ఇంకో ఠేకేదారు ఇత్తాడు. యేలు పోతే ఏ ఠేకేదారిత్తాడు? సెప్పు."

అతను చేతికేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇక్కడ నేను గొప్ప ధైర్యం చూపించానని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు గాని, జరిగింది అది కాదు. నాకు ఇంకో ఉపాయం తోచింది. ఇవాళే తెగిందని రాస్తే? సిస్టర్ నా మొహం చూసే గ్రహించింది. అయిదు రోజుల గాయం ఏదో, అయిదు గంటల గాయం ఏదో డాక్టరుకి తెలుసు బాబూ, నీకే తెలియాలి, అంది. రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. పెన్ను మూత కూడా ఆవిడే తీసింది.

రాశాను. తెగిన తేదీ, మెషీన్, వేలు. నేనే చూశానని, కొస వంగుతుందో లేదో పరీక్షించలేదని, నమోదు చెయ్యకుండా ఇంటి దగ్గర కట్టు కట్టానని, మూడో రోజు అతని భార్య చెప్పినా వినలేదని. సంతకం.

ఫోర్‌మన్ రెండుసార్లు చదివాడు. "ఇంత వివరంగా రాయాలా?" అన్నాడు.

"చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు సార్."

ఆయన పెన్ను తీసుకున్నాడు. కొట్టేస్తాడనుకున్నాను. నా సంతకం కింద ఒక వాక్యం రాశాడు: ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను, నమోదు చెయ్యమని చెప్పలేదు. తన సంతకం పెట్టాడు. తర్వాత బయటికి నడిచి వెళ్ళి, బోర్డు మీద అంకెని జేబురుమాలుతో తుడిచి సున్నా పెట్టాడు. ఎవరూ అడగకముందే ఠేకేదారుకి ఫోను చేసి, ఈ మనిషి పాసు చిరిగితే నీ మిగతా పాసులు కూడా నేను చూసుకుంటాను, అన్నాడు. ఏమీ అనని మనిషి అన్ని మాటలు ఒకే పొద్దున అనడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి నది ఇవతల ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు ఆపరేషన్. తాడు కొస అరచేతి దాకా వెనక్కి పోయింది, ఇంకో వారం అయితే చెప్పలేకపోయేవాళ్ళం, అన్నాడు డాక్టరు. ఆ ఇంకో వారం తర్వాతే షెడ్డులో కుక్కర్లు పంచాల్సి ఉంది.

నాకు మెమో వచ్చింది. న్యాయంగానే వచ్చింది. షెడ్డులో కొన్ని నెలలు నా పేరు కుక్కర్ బాబు. ఒక వెల్డరు వచ్చి, మా ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి, మూడోది వస్తే మా ఆవిడ వంట ఎక్కువ చెయ్యమంటుందేమోనని భయపడ్డాను, బతికించావు, అని నా భుజం తట్టాడు. అందరూ అంత ఉదారులు కారు. ఒకాయన హోలీ దాకా నాతో మాట్లాడలేదు. ఆ పండగ రోజు మొహానికి రంగు కాస్త గట్టిగానే పూసి, లెక్క సరిపోయిందన్నాడు. తర్వాతి ఏడు సిస్టర్ మేనేజరు దగ్గర కూర్చుని నియమం మార్పించింది. గాయం చెప్పినందుకు అంకె పోదు, దాచినందుకే పోతుంది. ఆ ఏడాది రిజిస్టరు సగం నిండింది. మనుషులు కొత్తగా కోసుకోవడం మొదలుపెట్టలేదు, కొత్తగా చెప్పడం మొదలుపెట్టారు.

మీలో ఈ పనిలోకి వచ్చేవాళ్ళుంటే ఒక మాట. ఉద్యోగంలో నాకు తెలిసిన కొద్దిపాటి సంగతులు నాకెవరు నేర్పారని అడిగితే, శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు చెప్పాలి, మర్యాదకి. నిజానికి ఇద్దరు. నా కట్టు విప్పిన ఒకావిడ. కట్టు మీద కాక వేలి మీద కన్నేసిన ఒకావిడ. ఆ రెండో ఆవిడ రెండు ఆటోలు మారి రాకపోతే, ఆ వాపు ఇవాళ్టికి కూడా తగ్గుతుందనే చెబుతూ ఉండేవాణ్ణి.

అతని చెయ్యి కదలకుండా వెనకవైపు బద్ద కట్టి చాలా వారాలు ఉంచారు. వ్యాయామాలు చెప్పారు. నేను వారానికోసారి వెళ్ళేవాణ్ణి, ఖాళీ చేతులతో. దూదీ గాజుగుడ్డా డిక్కీలోంచి తియ్యనే లేదు. పాసు పోలేదు. మూడు నెలలకి డాక్టరు ఇక బరువులు తప్ప అన్నీ చేసుకోవచ్చన్నారని కబురొస్తే, చూద్దామని వెళ్ళాను. టీ ఇచ్చింది ఆవిడ. పకోడీలు లేవు. అడగలేదు.

"వంచు," అన్నాను.

నెమ్మదిగా వంచాడు. మిగతా వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నాయి. వాటి పక్కన అదీ దిగింది. మధ్య కణుపు వంగింది. కొస కూడా వంగింది. అరచేతిని తాకబోయి, ఒక బియ్యపు గింజంత ఎడంలో ఆగింది. మళ్ళీ వంచాడు. మళ్ళీ అక్కడే.

ఆవిడ వంగి దగ్గర్నుంచి చూసింది.

"వొంగినంత మేరా ఆ సిస్టరమ్మది," అంది. "మిగిలిన ఆ ఖాళీ మీది అన్నియ్యా."

ఒప్పుకున్నాను. నా తప్పుని మెమో కూడా అంత సరిగ్గా కొలవలేదు.

"మరి నీ వాటా ఏదమ్మా?"

"సెయ్యి మొత్తం నాదే. ఏణ్ణీళ్ళలో స్పాంజి పిసకమన్నారంట గదా డాట్రుగోరు. అంటు గిన్నెల కాడ ఏణ్ణీళ్ళున్నాయి, స్పాంజీ ఉంది."

అతను నా వైపు చూశాడు, వైద్యపరంగా ఏదైనా అభ్యంతరం చెబుతానేమోనని. నేను మిగిలిన టీ తాగేసి, నా గ్లాసు కూడా అతని చేతికిచ్చాను.